అధ్యక్షుల వారి అనుమతి కలదా?

కొత్తవాడలో జంపఖానాలు అమ్మిపెట్టే ఒక సొసైటీ ఉంది. అందులో పని చేసేవాళ్లు ఆరుగురు, పని ఆపేవాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరిలో పెద్దాయన అధ్యక్షుడు రాంప్రసాద్, రెండో ఆయన కార్యదర్శి ఓంప్రకాశ్. పని చేసే ఆరుగురిలో కంప్యూటరు ముందు కూర్చునేది ప్రేమలత. ఇది ఆమె ముచ్చట.

ప్రేమలతది ధర్మసాగర్. పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి రాస్తానంటే, లెక్కలొచ్చి ఎవరిని ఉద్ధరించాలని ఇంట్లోవాళ్లు కొత్తవాడకు ఇచ్చి పెళ్లి చేశారు. పెనిమిటి భాస్కర్ పొద్దున మగ్గం మీద, పగలు సొసైటీ కంప్యూటరు మీద కూర్చునేవాడు. మాటకారి కాదు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. రెండేళ్ల కిందట ఒక సోమవారం సరుకు దించుతూ గుండె పట్టుకుని ఆ కట్టల మీదే కూర్చున్నాడు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

దినాలు గడిచాక సొసైటీ వాళ్లు ఆయన కుర్చీని ప్రేమలతకు ఇచ్చారు. కుర్చీ ఇచ్చారు గానీ కాయితం ఇవ్వలేదు.

"ఇప్పటికైతే కూసోమ్మా" అన్నాడు రాంప్రసాద్.

ఆ ‘ఇప్పటికైతే’ రెండేళ్లు నడిచింది. నియామకం కాయితం మాట ఎత్తినప్పుడల్లా, "ఫికర్ జెయ్యకు, నేనున్న గదా" అనేవాడు. ఆయన ఉండడమే ఆమె ఫికరు.

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు చేయాల్సిన పనులు ఆరు. ఒక్కో పనికి భాస్కర్ పైథాన్ అనే భాషలో ఒక్కో చిన్న ప్రోగ్రాం రాసి పెట్టాడు. నల్లటి తెర మీద దాని పేరు కొడితే ఆ పని జరుగుతుంది. ‘కొలత’ అంటే నేతగాళ్లు తెచ్చిన జంపఖానాలకు టేపు పట్టి, ఎక్కించిన పొడుగూ వెడల్పూ సరిచూస్తుంది. ‘ఫొటో’ బొమ్మలను చిన్నవి చేస్తుంది. ‘చీటీ’ జంపఖానాకు కట్టే చీటీని అచ్చు వేస్తుంది. ‘జాబితా’ అన్నిటినీ ఒక పట్టీలోకి ఎక్కిస్తుంది. ‘పంపు’ ఆ పట్టీని కొనేవాళ్లకు చేరుస్తుంది. ‘దాపు’ అన్నిటికీ నకలు తీసి భద్రపరుస్తుంది. అంతా బాగుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం ఎక్కడా రాసి లేదు. అది భాస్కర్ తలలో ఉండేది. ఆయనతోనే పోయింది.

మొదటి నెలలో ప్రేమలత ‘కొలత’ కొట్టకుండా ‘చీటీ’ కొట్టింది. పాత కొలతలే అచ్చయ్యాయి. గడప ముందు కాళ్లు తుడుచుకునేంత జంపఖానా, పెళ్లి పందిట్లో పరిచేంత కొలతను మెడలో కట్టుకుని ఢిల్లీకి పోయింది. కొన్నవాళ్లు ఫోన్ చేసి, మిగతా ముక్క ఎప్పుడు పంపుతారని మర్యాదగా అడిగారు.

"పొయ్యి కాడ ఉండేటోళ్లను తెచ్చి కూసోబెడితే గిట్లనే ఉంటది" అన్నాడు ఓంప్రకాశ్. ఆయన ఆ కంప్యూటరును ముట్టింది ఒక్కసారే, దసరా నాడు బొట్టు పెట్టడానికి.

ప్రేమలత ఏడవలేదు. ఏడవడానికి ఆమెకు వేరే కారణం ఉంది. దాన్ని ఓంప్రకాశ్ మాటలకు పాడుచేయదలుచుకోలేదు. పొయ్యి దగ్గర కూర్చునే ఆలోచించింది.

ఇంట్లో మొగవాళ్లు ‘పప్పు’ అని ఒక్క మాట అంటారు. కందిపప్పు ఏరమని, కడగమని, ఉడకబెట్టమని, పోపు వేయమని విడివిడిగా ఎవరూ చెప్పరు. ఆ ఒక్క మాట వెనక ఉన్న వరసంతా ఆడమనిషి తలలో ఉంటుంది. పొద్దున ఉడికిన పప్పే ఉంటే మళ్లీ ఉడకబెట్టదు, పోపు మాత్రం వేస్తుంది. మధ్యలో గ్యాస్ అయిపోతే అక్కడే ఆగి, ఏది అయిపోయిందో చెబుతుంది. అంతేగానీ పచ్చి పప్పుకు పోపు వేసి కంచంలో పెట్టదు. ఇరవై ఏళ్లుగా తాను చేస్తున్నది ఇదే. ఈపాటి తెలివి మిషినుకు ఎందుకు చెప్పరాదు?

భాస్కర్ దోస్తు మహిపాల్‌కు హన్మకొండలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. అతన్ని పిలిచి అడిగింది.

"గిసొంటి పనికి పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లే ఉన్నయి వదినె. దునియా మొత్తం వాటినే వాడ్తాంది. నేనెక్కిస్త, నువ్వు సూడు" అన్నాడు.

ఎక్కించాడు. ఆ సాఫ్ట్‌వేరు తనకు తోడు ఇంకో పన్నెండింటిని పిలిచింది. ఆ పన్నెండూ వాటి చుట్టాలను పిలిచాయి. ఒక్క చీటీ అచ్చు వేయడానికి మగపెళ్లివారు దిగినంత హంగామా అయింది. సొసైటీ కంప్యూటరు ముసలిది. కాసేపు మూలిగి, తెల్లబోయి, పడుకుంది.

"తీసెయ్ మహిపాలూ" అంది ప్రేమలత. "నాకు పప్పు చాలు. పెండ్లి వంటలు నాకెందుకు?"

తానే రాయడానికి కూర్చుంది. పుస్తకం లేదు, పంతులు లేడు. భాస్కర్ రాసిన ఆరు ప్రోగ్రాములే చదివింది. ఆ భాషలో ఒక గుర్తు పెట్టి రాస్తే ఆ వాక్యాన్ని మిషిను పట్టించుకోకుండా దాటిపోతుంది. అది మనుషులు చదువుకోవడానికే. భాస్కర్ అలాంటివి నిండా రాసుకున్నాడు. ‘ఇక్కడ జర పైలం.’ ‘ఇది రెండుసార్లు కొట్టొద్దు, ఆగమైతది.’ ‘ఇది ఎందుకు పనిచేస్తాందో నాకు తెల్వది, ముట్టొద్దు.’ ఇంట్లో రోజుకు పది మాటలు మాట్లాడిన మనిషి మిషినుతో ఇంత మాట్లాడాడా అని ఆమెకు మొదట కోపం వచ్చింది. తర్వాత ఆ కోపం కూడా కొన్నాళ్లు తోడుగా ఉంది.

నెల పట్టింది. నలభై వరసల ప్రోగ్రాం తయారైంది. ఏ పనికి ముందు ఏ పని కావాలో అందులో ఒక పట్టీలాగా రాసింది. మొదటిసారి కొట్టి చూస్తే మిషిను గిరగిరా తిరిగి, తెరనిండా తప్పులు కక్కి చచ్చింది. మహిపాల్ వచ్చి చూశాడు. ‘చీటీ’కి ముందు ‘జాబితా’ కావాలని రాసి, ‘జాబితా’కు ముందు ‘చీటీ’ కావాలని కూడా రాసింది. రెండూ ముందు నువ్వంటే ముందు నువ్వనుకుంటూ తిరుగుతున్నాయి.

మహిపాల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "వదినె, నువ్వు మీ ఆఫీసునే రాసినవ్ గదా! గా సారేమో గీ సార్ దిక్కు సూస్తడు, గీ సారేమో గా సార్ దిక్కు సూస్తడు."

"పండ్లు కనబడ్తానయ్, మూస్కో. ఒకదాన్ని కొట్టేస్తే నడుస్తది."

"ఆఫీసుల గూడ గంతే వదినె!"

కొట్టేసింది. నడిచింది. దానికి ‘వరస’ అని పేరు పెట్టింది. ‘వరస పంపు’ అని ఒక్కసారి కొడితే చాలు. పంపడానికి ముందు ఏమేం కావాలో అదే చూసుకుని, కానివి చేసి, అయినవాటిని వదిలేసి, ఎక్కడైనా తప్పుంటే అక్కడే ఆగి, ఏ పని దగ్గర ఆగిందో చెబుతుంది. సాయంత్రం దాకా సాగే సోమవారం పని మధ్యాహ్నం సద్ది విప్పేలోపే అయిపోవడం మొదలైంది.

పని త్వరగా అయిపోతే ఎవరికైనా సంతోషం. రాంప్రసాద్‌కు అనుమానం. మూడో సోమవారం వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"ఇదంత ఎవరు జేస్తాన్రు?"

"అదే జేసుకుంటది సార్. నేను ఒక్క మాట కొట్టిన."

"ఎవరిని అడిగి?"

ప్రేమలతకు అర్థం కాలేదు. "ఎవరిని అడుగుతది సార్? కొలత సక్కగుంటే పోతది, లేకుంటే ఆగుతది."

"నన్ను అడగకుండ ఈ సొసైటీల చీపురుపుల్ల గూడ కదలదు, తెల్సా?"

అది నిజమే. చీపురు అరిగిపోయిందని ఫైలు పెట్టి మూడు నెలలైంది. అది ఆయన బల్ల మీదే ఉంది, దుమ్ము కింద.

"మిషినైతే మాత్రం, పెద్దమనుషులని మర్యాదుండొద్దా సార్?" అని ఓంప్రకాశ్ ఎగదోశాడు.

అప్పటికప్పుడు రాంప్రసాద్ హుకుం చేశాడు. ప్రతి పనికి ముందు తెర మీద ఒక ప్రశ్న రావాలి. మాటలు కూడా ఆయనే కూర్చి, రెండుసార్లు దిద్ది చెప్పాడు: ‘అధ్యక్షుల వారి అనుమతి కలదా?’ అవునంటే ఒకటి నొక్కాలి, కాదంటే సున్నా. ఆరు పనులకు ఆరుసార్లు.

"అట్లనే సార్" అంది ప్రేమలత.

రాయడానికి కూర్చుంటే ఆమెకు తన పెళ్లి మాటలు గుర్తొచ్చాయి. ఆకులూ వక్కలూ మార్చుకున్నారు. ముహూర్తం రాసుకున్నారు. భోజనాలయ్యాయి. అప్పుడు పెద్దమేనమామ తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ లోపలికి తొంగిచూసి, "ఏం పిల్లా, నీకు ఇష్టమేనా?" అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు పాన్ నోట్లో పెట్టుకుని వెనక్కి తిరిగిపోయాడు. రేపు ఎవరైనా పిల్లను అడగలేదంటారేమోనని అడిగాడు, అంతే. భాస్కర్ మంచివాడు కావడం ఆమె అదృష్టం. అందులో మేనమామ గొప్ప ఏమీ లేదు.

అలాగే రాసింది. తెర మీద ప్రశ్న వస్తుంది. మిషిను ఆగి, నొక్కేదాకా వినయంగా కాచుకుంటుంది. నొక్కింది ఒకటో సున్నానో తీసుకుని ఒక పక్కన పెడుతుంది. పెట్టినదాన్ని మళ్లీ ఎప్పుడూ తీసి చూడదు. పని చేసుకుపోతుంది.

మహిపాల్ ఊరికే ఉండక సున్నా నొక్కి చూశాడు. "వదినె! కాదన్నా గూడ పోతాంది!"

"అడగమన్నరు. అడిగింది. జవాబు ఇనమని చెప్పలే."

"సార్‌కు తెలిస్తే?"

"కాదన్నోనికే తెలుస్తది. గీ ఆఫీసుల గా మాట అనేటోడు ఎవడున్నడు?"

నిజంగానే ఎవరూ లేరు. ఆరు నెలలు గడిచాయి. ప్రేమలత సెలవులో ఉన్న రోజు గుమాస్తాలు కూర్చున్నా, కళ్లు మూసుకుని ఆరుసార్లు ఒకటి నొక్కేవాళ్లు. ప్రశ్న వచ్చినప్పుడల్లా రాంప్రసాద్ ఛాతీ అంగుళం పెరిగేది. ఆరు ప్రశ్నలకు ఆరు అంగుళాలు.

ఇంతలో రాంప్రసాద్ బామ్మర్ది ఇంటికి కొత్త కోడలు వచ్చింది. పేరు శ్రావణి, బీసీఏ చదివింది. చదివిన కోడలు ఇంట్లో ఉంటే టీవీ రిమోటు ఎవరి చేతిలో ఉండాలో తేలదు కాబట్టి, ఆమెకు ఒక ఉద్యోగం చూడమని బామ్మర్ది అడిగాడు. సొసైటీలో ఉన్నది ఒక్క కంప్యూటరు, దాని ముందు ఒక్క కుర్చీ. దాంట్లో కాయితం లేని మనిషి. రాంప్రసాద్‌కు దారి తిన్నగా కనబడింది.

తీర్మానం రాయించాడు. దాన్ని టైపు చేసింది ప్రేమలతే. ఆ ఆఫీసులో టైపు వచ్చింది ఆమెకొక్కదానికే మరి.

"‘తాత్కాలిక ఉద్యోగిని సేవలు ఒకటో తారీకు నుంచి అవసరము లేదు’... రాసినవా?"

"రాసిన సార్. పక్కన నా పేరు పెట్టాల్నా?"

"పెట్టాలె గదమ్మా. లేకుంటే ఎవలో ఎట్ల తెలుస్తది?"

పేరు పెట్టింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. అచ్చు తీసి ఇచ్చింది. రాంప్రసాద్ దాన్ని సొరుగులో పెట్టి, గురువారం మంచిదని, ఆ రోజు సంతకం చేస్తానన్నాడు. ఒకరి పొట్ట కొట్టడానికి కూడా మంచి రోజు చూసే భక్తిపరుడు.

బాత్రూంలో నల్లా తిప్పి ప్రేమలత అప్పుడు ఏడ్చింది. జీతం పోతుందన్నది ఒకటి. ఇంకొకటి ఎవరికీ చెప్పుకునేది కాదు. ఆ కుర్చీ పోతే, భాస్కర్ మాటలన్నీ ఆ పెట్టెలోనే ఉండిపోతాయి. శ్రావణి వాటిని చెత్త అనుకుని చెరిపేస్తుంది.

గురువారానికి ముందు బుధవారం వస్తుంది. ఆ బుధవారం చేనేత శాఖ నుంచి భారతి అనే ఆఫీసరు తనిఖీకి వచ్చింది. ఢిల్లీలో పెట్టే ప్రదర్శనకు జిల్లా నుంచి ఒక్క సొసైటీని పంపాలట. ఏది బాగుందో చూసి రాయడం ఆమె పని. రాంప్రసాద్ కొత్త ఖద్దరు వేసుకున్నాడు. ఓంప్రకాశ్ తొమ్మిది నెలల ఫైలు ఒక్క పూటలో కదిలించి కొత్త చీపురు తెప్పించాడు. మొగిలి అనే ముసలి నేతగాడు జంపఖానాల కట్ట పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

భారతి మగ్గాలు చూసింది, రంగులు చూసింది, ఛాయ్ తాగింది. రాంప్రసాద్ ఆమెను కంప్యూటరు దగ్గరికి తీసుకొచ్చాడు.

"మన కాడ అంత సిస్టం మేడం. నేనే పెట్టించిన. నా మాట లేకుంటే మిషిను గూడ ఇంచు కదలదు. ప్రేమలతా, కొట్టమ్మా."

ప్రేమలత ‘వరస పంపు’ అని కొట్టింది. ‘అధ్యక్షుల వారి అనుమతి కలదా?’ అని తెర మీద వచ్చింది.

"సూసిన్రా మేడం? ఇప్పుడు నేను కాదని నొక్కుత. ఇగ సూడున్రి, ఎట్ల సచ్చిపడి ఉంటదో."

ప్రేమలత చేతులు ఒళ్లో పెట్టుకుంది. రాంప్రసాద్ వంగి, చూపుడువేలు పైకెత్తి, అందరూ చూశారని నిర్ధారించుకుని సున్నా నొక్కాడు.

‘కొలత అయినది’ అని వచ్చింది. కింద మళ్లీ ప్రశ్న.

రాంప్రసాద్ కనుబొమలు ముడిచి ఇంకోసారి సున్నా నొక్కాడు. ‘ఫొటో అయినది.’ గట్టిగా నొక్కాడు. అచ్చుయంత్రం గురగురమని చీటీలు కక్కడం మొదలుపెట్టింది. ఆపడానికని ఆయన ఎంత కోపంగా నొక్కితే అది అంత హుషారుగా పోయింది. ఆరుసార్లు కాదన్నాడు. ఆరు పనులూ అయిపోయాయి. పట్టీ ఢిల్లీకి చేరిపోయింది.

భారతి తెర వైపు ఒకసారి, ఆయన వేలి వైపు ఒకసారి చూసింది.

"మీరు కాదన్నారు కదండీ?" అంది భారతి.

ఓంప్రకాశ్ ముప్పై ఏళ్లుగా ఇలాంటి ఘడియ కోసమే బతుకుతున్నాడు. వెంటనే అందుకున్నాడు. "సార్ నోట్ల కాదని ఉన్నా మనసుల అవుననే ఉన్నది మేడం. మిషినుకు సార్ మనసు తెలుసు."

"ఔ మేడం, అలవాటైపోయింది దానికి" అన్నాడు రాంప్రసాద్, చెమట తుడుచుకుంటూ.

భారతి నవ్వు ఆపుకుని ప్రేమలత వైపు తిరిగింది. "నిజమేనా అమ్మా?"

అవునంటే సరిపోయేది. రాంప్రసాద్ సంతోషపడేవాడు, గురువారం తీర్మానం మీద సంతోషంగా సంతకం పెట్టేవాడు. ప్రేమలత అది ఆలోచించింది. ఎలాగూ పోయే కుర్చీకి అబద్ధం కూడా ఎందుకు?

"కాదు మేడం. అది మనుషుల మాటకు ఆగదు. కొలత తప్పుంటేనే ఆగుతది. నేనే అట్ల రాసిన."

"ఏదీ, తప్పు పెట్టి చూపించండి."

ప్రేమలత మొగిలి జంపఖానా పొడుగు ఐదడుగులు ఉన్నచోట యాభై వేసింది. మళ్లీ కొట్టింది. ప్రశ్న వచ్చింది. పోయిన పరువు అందులోనైనా దొరుకుతుందేమోనని రాంప్రసాద్ ఈసారి తొందరగా ఒకటి నొక్కాడు. తెర మీద ఒక్క వాక్యం వచ్చి ఆగిపోయింది.

‘మొగిలన్నా, ఆగు. టేపు మళ్ల పట్టు.’

రాంప్రసాద్ ఒకటి నొక్కాడు. ఇంకో ఒకటి నొక్కాడు. టపటపా నాలుగు నొక్కాడు. కదల్లేదు. ఆయన కాదంటే ఆగనిది, అవునంటే నడవలేదు.

బెంచీ మీది నుంచి మొగిలి లేచి వచ్చి తెర చూశాడు. "గిది భాస్కర్ మాట గదా. ప్రతి సోమవారం నాకు గిదే మాట జెప్పేటోడు" అని తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"భాస్కర్ ఎవరు?" అని భారతి అడిగింది.

"మా ఆయన మేడం. కొలత ఆయన రాసిండు. వరస నేను పెట్టిన" అంది ప్రేమలత.

భారతి తనిఖీ పుస్తకం తీసి చాలాసేపు రాసింది. ప్రేమలత ఇంటిపేరు కూడా అడిగి రాసింది. తర్వాత రాంప్రసాద్‌కు వినబడేలా చదివింది: తప్పు కొలత బయటికి పోకుండా ఆపే పద్ధతి ఈ సొసైటీలోనే చూశాను, ప్రదర్శనకు దీన్నే పంపాలి, అక్కడ దీన్ని రాసిన ఉద్యోగిని ప్రేమలతే వివరించాలి. "ఈమె మీ పర్మనెంటు ఉద్యోగే కదా?" అని కూడా అడిగింది.

"అయ్యో, మా ఇంటి మనిషి మేడం!" అన్నాడు రాంప్రసాద్.

భారతి ఎక్కిన జీపు వీధి మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. తర్వాత లోపలికి వచ్చి సొరుగు తీశాడు.

"ప్రేమలతా, దీంట్ల జర మార్పు జెయ్యాలె."

"మరి శ్రావణి సంగతేంది సార్?" అన్నాడు ఓంప్రకాశ్.

"బ్యాంకు పరీక్షలు రాస్తదట తియ్. సదువుకున్న పిల్ల, ఈడ ఏం జేస్తది?"

కొత్త తీర్మానం చెప్పడం మొదలుపెట్టాడు. అధ్యక్షుల వారి దూరదృష్టితో, అధ్యక్షుల వారి ప్రోత్సాహంతో, అధ్యక్షుల వారి సూచనల మేరకు తయారైన వరస పద్ధతి... ఆయన చెప్పిందంతా ప్రేమలత టైపు చేసింది. మూడుసార్లు అధ్యక్షుల వారు వచ్చారు, ఒక్కసారి తన పేరు వచ్చింది. అక్కడ ఆగింది.

"సార్, నా పేరుకు ముందు ‘తాత్కాలిక’ అని ఉన్నది. ఉంచాల్నా, తియ్యాల్నా?"

రాంప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. ఓంప్రకాశ్ దిక్కు చూశాడు. ఓంప్రకాశ్ ఆయన దిక్కు చూశాడు. ప్రేమలత మీట మీద వేలు పెట్టి కాచుకుంది.

"తియ్" అన్నాడు.

తీసింది. రెండు కాపీలు అచ్చు వేసింది. ఆయన గురువారం దాకా ఆగకుండా రెండిటి మీదా సంతకం పెట్టి, ఆమె చేతికిస్తూ గొంతు తగ్గించాడు.

"గా ప్రశ్న మాత్రం తీసెయ్యకు."

"ఉంటది సార్" అంది. ఒక కాపీ ఫైలులో పెట్టింది. రెండోది మడిచి సంచిలో వేసుకుంది. యాభై చెరిపి ఐదు వేసి, మొగిలిని తన రెండో జంపఖానా పరవమంది.